బ్రిటన్‌లో సముద్రతీరపు హాలిడే పార్కు ఎలా ఎంచుకోవాలి? ముందు నీళ్ళు చూడండి, పార్కు తర్వాత

మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో ఏడు రోజులు సముద్రం పక్కన హాలిడే పార్కుకి వెళ్ళాలి. నాలుగేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మగారు, మీరిద్దరు. అన్ని పార్కుల ఫొటోలూ ఒకేలా ఉన్నాయి, దేన్ని నమ్మాలో తెలియడం లేదు.

ఫొటోలు ఒకేలా ఉండక ఇంకెలా ఉంటాయండీ! నీలం రంగు స్లయిడ్, ఐస్‌క్రీం తింటున్న పిల్ల, సోఫా మీద నాలుగు దిండ్లు. పార్కుకీ పార్కుకీ ఉన్న అసలు తేడాలు కెమెరాకి దొరకవు. అందుకని వరస మార్చండి. ముందు ఏ తీరమో తేల్చుకోండి, తర్వాత ఏ వారమో, ఆ తర్వాత ఎలాంటి కారవానో (పార్కులో ఒకచోట స్థిరంగా నిలిపి ఉంచే, గదులున్న ఇల్లు లాంటి బండి). పార్కు పేరు ఆఖరున చూసుకోవచ్చు. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. స్విమ్మింగ్ పూల్ చూసి పార్కు బుక్ చేసి, వెళ్ళాక సముద్రం ఎక్కడుందని వెతుక్కుంటారు.

వెతుక్కోవడం అని మాటవరసకి అనలేదు. సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు. ఆ నీళ్ళన్నీ వెనక్కి పోయేసరికి వెస్టన్-సూపర్-మేర్‌లో సముద్రం మైలుకు పైగా దూరం జరుగుతుంది. అక్కడికి దక్షిణంగా బ్రీన్, బర్నమ్ వైపు హాలిడే పార్కులు వరసగా ఉంటాయి. ఒడ్డున ఇసుక బాగుంటుంది, కానీ నీళ్ళు తగ్గాక ఇసుక దాటితే ఊబి లాంటి బురద. నీళ్ళ కోసం బురదలోకి నడిచి కూరుకుపోయినవాళ్ళని హోవర్‌క్రాఫ్ట్ తెచ్చి లాగాల్సి వస్తుంది. అదే దక్షిణ తీరాన డార్సెట్‌లోని వేమత్‌లో పెద్ద పోట్ల రోజుల్లో కూడా తేడా సుమారు 2 మీటర్లే. పొద్దున ఎక్కడ చాప పరిచారో సాయంత్రం దాకా దాదాపు అక్కడే కూర్చోవచ్చు.

అలాగని వెస్టన్ ఉన్న వైపు, అంటే బ్రిస్టల్ చానెల్ అనే సముద్రపు పాయ వైపు, వెళ్ళకూడదని కాదు, వెళ్ళే రోజు చూసుకోవాలి. పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు పోట్లు అన్నిటికన్నా పెద్దవి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు అన్నిటికన్నా చిన్నవి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఒక ఊళ్ళో పెద్ద పోటు ఎప్పుడొచ్చినా ఇంచుమించు అదే గడియారం వేళకు వస్తుంది. వెస్టన్ వైపు వేసవిలో అది ఉదయం, రాత్రి ఎనిమిది ప్రాంతం. అంటే ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి, సరిగ్గా పిల్లలు బకెట్లు పట్టుకుని తయారయ్యే వేళకి, సముద్రం కనుచూపు మేరలో ఉండదు. అష్టమి దాటిన రోజుల్లో లెక్క తిరగబడి మధ్యాహ్నానికే నీళ్ళు ఒడ్డుకొస్తాయి, వెనక్కి పోయినా అంత దూరం పోవు. కాబట్టి తేదీలు ఖాయం చేసే ముందు ఆ ఊరి టైడ్ టేబుల్ (పోటు, ఆటు వేళల పట్టిక) తెరవండి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పట్టికలో వేళలు జీఎంటీలో ఉన్నాయా, దానికి గంట ముందుండే వేసవి సమయంలో ఉన్నాయా చూసుకోండి. ఆ ఒక్క గంట దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు కాబట్టి రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది.

నీళ్ళు మళ్ళీ ఒడ్డుకి వచ్చేటప్పుడు ఒకే వేగంతో రావు. ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండింట ఒక వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత రెండు, ఆఖరి గంట ఒకటి. సగం నీళ్ళు మధ్య రెండు గంటల్లోనే వచ్చేస్తాయి. "ఇంకా టైముంది కదా" అనుకుని కొండచరియ అవతలి చిన్న ఇసుకమేటకి నడిచివెళ్ళిన వాళ్ళు దారి మూసుకుపోయి ఇరుక్కునేది ఆ రెండు గంటల్లోనే.

తూర్పు తీరం సంగతి వేరు. స్కెగ్‌నెస్, ఇంగోల్డ్‌మెల్స్, మేబుల్‌థార్ప్ వైపు నేల చదును, ఇసుక మెత్తన, వానలు పడమటి తీరం కన్నా తక్కువ. బ్రిటన్‌లో ఈ తరహా సెలవులు బాగా పేరు తెచ్చుకున్నది కూడా ఇక్కడే. బిల్లీ బట్లిన్ తన మొదటి హాలిడే క్యాంపు 1936లో స్కెగ్‌నెస్‌లో తెరిచాడు. బట్లిన్స్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. చిక్కల్లా గాలితోనే. ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. తూర్పు తీరంలో అది నేల మీద నుంచి సముద్రంలోకి పోయే గాలి. ఒడ్డున నిలబడితే అలలు లేకుండా చెరువులా కనిపిస్తుంది, అమ్మానాన్నలకి ధైర్యం వస్తుంది, పిల్లల్ని గాలి నింపిన పరుపు మీద కూర్చోబెడతారు. ఆ పరుపు నిమిషాల్లో మీరు ఈదలేనంత దూరం పోతుంది. గాలి పరుపులు, రబ్బరు ఫ్లమింగోలు పార్కు పూల్‌లో కూడా చాలాచోట్ల రానివ్వరు, కాబట్టి కొనకపోవడమే మేలు.

కార్న్‌వాల్ ఉత్తర తీరం, అంటే న్యూకీ, పెర్రన్‌పోర్త్ వైపు, అట్లాంటిక్ అలలు నేరుగా తగులుతాయి. మీ తొమ్మిదేళ్ళ బాబు బాడీబోర్డు (పొట్ట మీద పడుకుని అలల మీద జారే పలక) పట్టుకుని గంటలు గడుపుతాడు. నాలుగేళ్ళ పాపకి మాత్రం ఆ నీళ్ళు ఎక్కువే. ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్లు అక్కడ సాధారణం. ఆగస్టులో కూడా నీటి వేడి 16, 17 డిగ్రీలు మించడం తక్కువ. అందుకని ఏ తీరమైనా పిల్లలకి వెట్‌సూట్ ఉండాల్సిందే. ఒంటి వేడి నిలిపే రబ్బరు దుస్తు అది, ఒంటికి పట్టినట్టుండాలి. వచ్చే ఏడాదికి పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొంటే లోపల నీళ్ళు తిరిగి వేసుకున్న ప్రయోజనమే ఉండదు.

యార్క్‌షైర్‌లో ఫైలీ బే ఇసుక చాలా అందమైనది, చుట్టుపక్కల పార్కులూ పెద్దవే. కానీ అవి చాలావరకు మట్టి కొండచరియ పైన ఉంటాయి. "బీచ్‌కి ఐదు నిమిషాలు" అన్నది దిగేటప్పటి లెక్క. అమ్మమ్మగారు ఎక్కేటప్పటి లెక్క వేరు. ఇంకా దక్షిణాన హోల్డర్‌నెస్ తీరం యూరప్‌లోనే అతి వేగంగా కోసుకుపోయే తీరాల్లో ఒకటి. అటువైపు, నార్ఫోక్‌లోని హెమ్స్‌బీ వైపు కూడా, బీచ్‌కి దిగే దారి ఈ ఏడాది తెరిచే ఉందా అని ఫోన్ చేసి అడగాలి. మెట్లు విరిగిపోయి దారి మూసేసినా వెబ్‌సైట్‌లో పాత ఫొటో అలాగే ఉంటుంది.

గులకరాళ్ళ తీరాలు ఇంకో రకం ఇబ్బంది. బ్రైటన్ మొత్తం రాళ్ళే. బోగ్నర్ రీజిస్‌లో పోటు వేళ రాళ్ళు, నీళ్ళు తగ్గాక ఇసుక. చెసిల్ బీచ్ అయితే చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ ఒడ్డు నుంచి రెండడుగులకే లోతు, అలలు కాళ్ళ కింద రాళ్ళతో సహా లాగేస్తాయి. అక్కడ పిల్లల్ని నీళ్ళలో దింపొద్దు.

మీ ఐదుగురికీ కలిపి నన్ను ఒకటే చెప్పమంటే వేమత్ చుట్టుపక్కల అంటాను. లోతు నెమ్మదిగా పెరిగే ఇసుక ఒడ్డు, దాని వెంబడి చదునైన నడకదారి, పెద్దావిడ కూర్చుని పిల్లల్ని చూసుకోవచ్చు. అంత దూరం డ్రైవ్ కుదరకపోతే స్కెగ్‌నెస్ వైపు.

నీళ్ళ శుభ్రత గురించి రెండు మాటలు. ఇంగ్లండ్‌లో ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ, వేల్స్‌లో నేచురల్ రిసోర్సెస్ వేల్స్ స్నానపు తీరాలకి నాలుగు తరగతులు ఇస్తాయి: ఎక్సలెంట్, గుడ్, సఫిషియెంట్, పూర్. అది నాలుగేళ్ళ నమూనాల మీద తేల్చిన మాట, నిన్నటి వానకి దానితో సంబంధం లేదు. పెద్ద వాన పడితే డ్రైనేజీ పొంగి సముద్రంలోకి వదులుతారు, పొలాల నీళ్ళూ వచ్చి కలుస్తాయి. అందుకని ఎక్సలెంట్ తీరంలో కూడా గట్టి వాన తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్ళలోకి దిగకపోవడం మంచిది. బ్లూ ఫ్లాగ్ (మంచి తీరాలకి ఇచ్చే గుర్తింపు జెండా) ఉందంటే ఈ ఏడాదిదేనా చూడండి, దాన్ని ఏటేటా ఇస్తారు.

ఇక వారం. ఇంగ్లండ్, వేల్స్ బడులకి జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా సుమారు ఆరు వారాలు సెలవులు. స్కాట్లండ్ బడులు జూన్ చివర మూసి ఆగస్టు మధ్యకి తెరిచేస్తాయి. ఈ తేడా మీకు పనికొస్తుంది. ఆగస్టు ఆఖరి రెండు వారాల్లో ఎయిర్‌షైర్ తీరం లాంటి చోట్ల స్థానికుల పిల్లలు బడిలో ఉంటారు, పార్కుల్లో రద్దీ కాస్త తగ్గుతుంది. ఇంగ్లండ్‌లోనే ఉండేట్టయితే ఆగస్టు ఆఖరి సోమవారం బ్యాంకు సెలవు (అందరికీ సెలవు దినం) కలిసే వారాంతం తప్పించండి. జులై మొదట్లో బడి మాన్పించి వెళ్తే చవక కదా అని కొందరు సలహా ఇస్తారు. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో నిబంధన ఇది: అనుమతి లేకుండా ఐదు బడి రోజులు పోతే జరిమానా వేయవచ్చు. ఒక్కో బిడ్డకి తల్లికొకటి, తండ్రికొకటి వేస్తారు. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, దాటితే 160. అంటే మీ బాబు ఒక్కడికే ఇద్దరికీ కలిపి 160 పౌండ్ల నుంచి మొదలు. మిగిలే డబ్బు ఏ మాత్రమో ఆ లెక్క వేశాక చూడండి.

బయల్దేరే రోజు కూడా ఎంచుకునే వీలుంటే శుక్రవారం వద్దు. నైరుతి ఇంగ్లండ్ వైపు వెళ్ళే ఎం5, ఏ303 రోడ్ల మీద ఆగస్టు శుక్రవారం మధ్యాహ్నం అంటే నాలుగేళ్ళ పిల్లతో నరకం. చాలా పార్కుల్లో సోమవారం నుంచి కూడా బుకింగ్ ఉంటుంది. కారవాన్ చేతికి వచ్చేది సాధారణంగా సాయంత్రం నాలుగుకి, ఖాళీ చేయాల్సింది ఉదయం పదికి. ఏడు రాత్రులంటే పూర్తి రోజులు ఆరే. ముందుగా చేరితే పూల్ వాడుకోనిస్తారా అని అడగండి. కొన్ని పార్కులు ఒప్పుకుంటాయి. స్నానపు బట్టలు డిక్కీ అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

ఇప్పుడు కారవాన్. ఎక్కువ మంది పొరపాటు పడేది "ఆరు బెర్తులు" అన్న మాట దగ్గర. రైలు బెర్తు లెక్క లాంటిదే ఇది కూడా, పడుకోవడానికి చోటు ఎన్నని చెబుతుంది, ఎన్ని గదులని చెప్పదు. ఆరు బెర్తులంటే మామూలుగా రెండే పడకగదులు: ఒక దాంట్లో డబుల్ బెడ్, ఇంకో దాంట్లో రెండు సన్నని మంచాలు. మిగతా ఇద్దరికి హాల్లో సోఫా లాగితే వచ్చే పరుపు. హాల్లో పడుకునేవాళ్ళు మిగతా అందరూ లేచి వెళ్ళేదాకా పడుకోలేరు, పొద్దున పిల్లలు లేవగానే లేవాలి. జంట మంచాల గదిలో మంచం వెడల్పు రెండడుగుల చిల్లర, మధ్య సందు మనిషి పక్కకి తిరిగి నడిచేంత. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని సోఫా పరుపు మీదా పడుకోబెట్టలేరు, ఆ సందులోనూ ఇరికించలేరు. మీకు మూడు గదుల కారవాన్, అంటే సాధారణంగా ఎనిమిది బెర్తులది, తీసుకోక తప్పదు. డబుల్ గది అమ్మమ్మగారికి ఇచ్చి, మీరిద్దరు ఒక జంట మంచాల గదిలో, పిల్లలు ఇంకో దాంట్లో. వారం రోజులు సర్దుకోవచ్చు. టాయిలెట్ ఆ డబుల్ గదికి ఆనుకుని ఉందా అన్నది ఫ్లోర్ ప్లాన్‌లో చూడండి, రాత్రిళ్ళు అదే పెద్ద సుఖం.

కారవాన్ నేల మీద ఉండదు, తలుపు దాకా మూడు నుంచి ఐదు మెట్లు ఉంటాయి. ఇది ఫొటోల్లో ఎవరూ పట్టించుకోని సంగతి. ర్యాంపు, వెడల్పు తలుపులు, మెట్టు లేని షవర్ ఉన్న అడాప్టెడ్ కారవాన్లు చాలా పెద్ద పార్కుల్లో ఉంటాయి గానీ తక్కువే. ఆగస్టుకి వాటిని జనవరిలోనే ఫోన్ చేసి పట్టుకోవాలి. అవి అయిపోతే, మెట్లకి రెండు వైపులా చేతిపట్టీ ఉన్నదాన్ని అడగండి.

బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ లాంటి గ్రేడుల్ని నమ్మొద్దు. ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. ఒక చోటి గోల్డ్ ఇంకో చోటి సిల్వర్ కన్నా పాతది కావచ్చు. సూటిగా మూడు అడగండి: కారవాన్ ఏ సంవత్సరంది, కిటికీలు డబుల్ గ్లేజింగా (రెండు పొరల అద్దాలా), పడకగదుల్లో రేడియేటర్లు ఉన్నాయా. ఆగస్టులో హీటర్ ఎందుకనుకుంటారు. తీరాన రాత్రి పది పన్నెండు డిగ్రీలకి దిగే రోజులు ఉంటాయి. పైగా ఐదుగురి తడి తువ్వాళ్ళు ఆరాలి. హాల్లో ఒక్క గ్యాస్ ఫైర్ మాత్రమే ఉన్న పాత కారవాన్‌లో పొద్దున్నే కిటికీల మీద నీళ్ళు కారుతుంటాయి. వంట, వేణ్ణీళ్ళు సిలిండర్ గ్యాస్ మీద నడిస్తే, స్నానం మధ్యలో నీళ్ళు చల్లబడ్డాయంటే బయట ఒక సిలిండర్ అయిపోయి ఉంటుంది. రెండు సిలిండర్ల మధ్య మీట రెండో వైపు తిప్పడమా, పార్కువాళ్ళని పిలవడమా అన్నది వెళ్ళిన రోజే అడిగి ఉంచుకోండి. కెటిల్, హెయిర్ డ్రయ్యర్, విడి హీటర్ ఒకేసారి పెడితే కరెంటు ట్రిప్ అవుతుంది. వంటిల్లు చిన్నది, కప్పు కిందికి ఉంటుంది, పొగ అలారం పొయ్యికి నాలుగడుగుల్లో ఉంటుంది. నూనె కాగేలోపే కిటికీ తీసి పెట్టుకోండి. అలారం బ్యాటరీ మాత్రం ఊడదీయొద్దు.

ప్లాట్ ఎక్కడ అన్నది కారవాన్ ఎంత ముఖ్యమో అంతే. పార్కు మ్యాపు తెప్పించుకుని, ఉపగ్రహ చిత్రంతో పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద పార్కుల్లో ఒక మూల నుంచి పూల్ దాకా పావుగంట నడక. క్లబ్‌హౌస్ పక్కనే తీసుకుంటే నడక మిగులుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు వినాలి. రెండు వరసలు వెనక్కి, ఏటవాలు లేని చోట అడగండి. కొంత రుసుము తీసుకుని ప్లాట్ ఎంచుకోనిస్తారు. మీలాంటి కుటుంబానికి ఆ డబ్బు దండగ కాదు. "సీ వ్యూ" కోసం అదనంగా కట్టడం మాత్రం నా లెక్కలో దండగే, సముద్రం వైపు మొదటి వరసకే గాలి మొత్తం కొడుతుంది.

పూల్, వినోదాల గురించి ఎక్కువ చెప్పను, అన్ని చోట్లా ఇంచుమించు అవే. పాసులు ధరలో కలిసి ఉన్నాయా, అమ్మమ్మగారికీ కొనాలా అన్నది చూడండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలతో పెద్దవాళ్ళు నీళ్ళలోకి దిగాలన్నది దాదాపు అన్ని పూల్స్‌లో నియమం, అంటే మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ తడిగానే ఉంటారు. పెద్ద స్లయిడ్‌కి ఎత్తు పరిమితి ఎంతో అడిగి బాబుని ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి. తాడు ఎక్కడం, విలువిద్య లాంటివి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాల్సినవే. దుప్పట్లు, దిండుగలీబులు ఇస్తారు గానీ తువ్వాళ్ళు ఇవ్వని చోట్లు ఎక్కువ. ఎలక్ట్రిక్ కారు అయితే కారవాన్ సాకెట్ నుంచి చార్జ్ చేయనివ్వరు, పార్కులో చార్జర్ ఉందో లేదో చూసుకోండి.

కారవాన్ సొంతదారులే అద్దెకి ఇచ్చేవి పార్కు ధర కన్నా చవకగా దొరుకుతాయి, చాలాసార్లు వసతీ మెరుగ్గా ఉంటుంది. రెండు చిక్కులు. ఒకటి, వినోదం పాసులు అందులో కలవకపోవచ్చు, విడిగా కొంటే మిగిలింది పోతుంది. రెండోది మోసం. సోషల్ మీడియాలో వేరేవాళ్ళ ఫొటోలు పెట్టి, "ఈ రాత్రికే అడ్వాన్స్ పంపండి" అంటారు. ప్లాట్ నంబరు తీసుకుని పార్కు రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ఆ నంబరులో అద్దెకిచ్చే కారవాన్ ఉందా అని అడగండి. పేర్లు చెప్పకపోయినా ఉందో లేదో చెబుతారు. నేరుగా కంపెనీ దగ్గర కొనేట్టయితే క్రెడిట్ కార్డు వాడండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద పార్కు కంపెనీ మాట తప్పితే కార్డు కంపెనీ కూడా బాధ్యత పడుతుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి ఆ రక్షణ లేదు.

రివ్యూలు చదివేటప్పుడు ఆగస్టులో వెళ్ళినవాళ్ళవి, గడిచిన రెండేళ్ళవి మాత్రమే చూడండి. మే నెలలో వెళ్ళి "ప్రశాంతంగా ఉంది" అన్నవాళ్ళ మాట మీకు పనికిరాదు. వాన గురించి తిట్టినవి వదిలేసి, తేమ, మురుగు వాసన, ప్లాట్ నంబర్ల గురించి రాసినవి పట్టుకోండి.

తీరాన్ని ఎంచుకునేటప్పుడే అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారా అన్నది సముద్రంలో ప్రాణాలు కాపాడే స్వచ్ఛంద సంస్థ అయిన ఆర్‌ఎన్‌ఎల్‌ఐ వెబ్‌సైట్‌లో చూడండి. ఉన్నచోట వేసవిలో సాధారణంగా ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎరుపు, పసుపు జెండాల మధ్యే పిల్లల్ని దింపాలి. నలుపు, తెలుపు గళ్ళ జెండా సర్ఫింగ్ బోర్డులది, ఎర్ర జెండా అంటే అసలు దిగకూడదు. నారింజ రంగు గాలి సంచీ ఎగురుతుంటే గాలి బొమ్మలు నిషేధం. నీళ్ళలో ఎవరైనా ఇబ్బంది పడితే మీరు దూకొద్దు, 999కి చేసి కోస్ట్‌గార్డ్ అని అడగండి. తీరం దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి మీ ఫోన్ ఎక్కడ పలుకుతుందో మొదటి రోజే చూసి పెట్టుకోండి. ఇసుకలో దాక్కునే వీవర్ చేప ముల్లు గుచ్చుకుంటే పాదం మంటెత్తిపోతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కనీసం అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ళ వేడి ముందు మీ చేత్తో చూడండి, చల్లటి నీళ్ళు మాత్రం పెట్టొద్దు. నీళ్ళు బాగా తగ్గినప్పుడు లోతు తక్కువ చోట నడిచే పిల్లలకి రబ్బరు బీచ్ చెప్పులు వేస్తే చాలావరకు ఆ బాధ ఉండదు.